జననాల తగ్గుదల (ఆంధ్రప్రదేశ్)
జనాభా నిలకడగా ఉండాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ సగటు 1.7, బీహార్‌ది 3.0. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారి వంతు నామమాత్రం.

లోక్‌సభ స్థానాలకు జనాభాయే కొలమానం కనుక జననాల తగ్గింపులో సాధించిన ఈ విజయమే రాజకీయంగా గుబులు పుట్టిస్తోంది. రాష్ట్రాల వాటాను 1976లో 42వ రాజ్యాంగ సవరణ 1971 లెక్కల దగ్గర ఆపింది. 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది.

జననాలను అదుపు చేయడానికి రాష్ట్ర 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానం ఉన్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులను చేసింది. మూడో కాన్పు సర్పంచ్ పదవికే ఎసరు పెట్టేది. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. ఇప్పుడు ఎక్కువమంది పిల్లల్ని కనమంటున్నది ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడే.