అతిథి కుమ్మరులు

ఒక దేశపు పనివాడు వేఱొక దేశమునకు పోయి, అచ్చటి కార్ఖానాలో కొంతకాలము నివసించి, ఆ యూరివారితో కలిసి పనిచేయుట నేడు పలు దేశములలో ఒక ఏర్పాటై యున్నది. దీనిని వారు రెసిడెన్సీ యందురు. సంఘములు ప్రకటనలు వేసి, వచ్చిన అతిథికి బసయు, పనిముట్లును, కొంత భత్యమును ఇచ్చుచున్నవి. ఏర్పాటు క్రొత్తగా కనబడును గాని దాని వేళ్లు నూఱేండ్ల క్రిందటివి. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము ఇంగ్లండునందలి సెయింట్ ఐవ్స్ అను చిన్న రేవుపట్టణములోను, జపానునందలి మషికో అను కుమ్మరుల యూరిలోను జరిగినది. కుండల కథ గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఏల అని చదువరులు అడుగవచ్చును. పరదేశి వచ్చినప్పుడు ఊరికి మిగులున దేమి యను ప్రశ్న మనకును అక్కఱ గలదే గనుక వ్రాయుచున్నాను.

బెర్నార్డ్ లీచ్ 1887లో హాంగ్‌కాంగ్‌లో పుట్టిన ఆంగ్లేయుడు. రాగిరేకులపై బొమ్మలు చెక్కి అచ్చుతీయు విద్యను నేర్పి బ్రతుకదలచి 1909లో జపాను చేరెను. నేర్పబోయినవాడు నేర్చుకొనువా డయ్యెను. 1911లో టోక్యోలో ఒక విందునందు అతిథుల చేతికి మట్టిపాత్రలిచ్చి, వానిపై రంగులు వేయుమనిరి. ఆ పాత్రలను వారి కన్నులయెదుటనే చిన్న ఆవములో కాల్చి తీసిరి. ఎఱ్ఱని నిప్పునుండి వెలువడిన పాత్రను చూచిన లీచ్ ఇక కుమ్మరము తప్ప వేఱుపని వలదనుకొని, కెంజాన్ అను ప్రసిద్ధ కుమ్మరి పరంపరలో ఆఱవవాడగు వృద్ధుని ఆశ్రయించెను. తరువాత అబికో గ్రామమున యనాగి సోఎత్సు అను పండితుని తోటలో ఆవము కట్టుకొనెను. కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు అన్నట్లు, 1919లో ఆ కార్ఖానా అగ్నికి ఆహుతి యయ్యెను. అచ్చటనే హమదా షోజీ యను యువకునితో పరిచయము కలిగెను. హమదా 1894లో పుట్టినవాడు. పాఠశాలలో రసాయనశాస్త్రరీత్యా కుమ్మరము చదివినవాడు.

సెయింట్ ఐవ్స్‌లో చేపలవేటయు, చుట్టుప్రక్కల తగరపు గనులును క్షీణించి, పనులు లేక జనులు ఇబ్బంది పడుచుండిరి. ఫ్రాన్సెస్ హార్న్ అను నామె అచ్చట ఒక చేతిపనుల సంఘమును నడపుచు, కుమ్మరి యొకడు కావలెనని కోరెను. 1920లో లీచ్, హమదా లిద్దఱును ఓడ యెక్కి వచ్చి, స్టెన్నాక్ అను వాగు ప్రక్కన కార్ఖానా కట్టిరి. కొండవాలున మెట్లుమెట్లుగా గదులుండు జపాను తరహా ఆవమును వారచ్చట నిర్మించిరి. పాశ్చాత్యదేశములలో అట్టిది అదియే మొదటిది.

ఈ పని సులభముగా సాగెనని యనుకొనరాదు. ఆ ప్రాంతమున కట్టెలు కఱవు, మంచి మన్ను కఱవు. ఆవము సరిగా వేడెక్కక పాత్రలు మిక్కిలి చెడిపోయెడివి. స్థానికుడైన జార్జ్ డన్ అను వృద్ధుడు మన్ను తొక్కి, కట్టెలు కొట్టి సాయపడెను. 1922లో మత్సుబయాషి త్సురునొసుకె యను మఱియొక అతిథి వచ్చెను. జపానులో ఉజి పట్టణపు కుమ్మరి వంశమునందు పుట్టి, శాస్త్రమును చదివినవాడు. అతడు ఆ యావమును పడగొట్టి, లెక్కప్రకారము మూడు గదులతో తిరిగి కట్టి, మన్నును గుఱించియు నిప్పును గుఱించియు అచ్చటి శిష్యులకు పాఠములు చెప్పి, 1924లో వెడలిపోయెను. లీచ్, హమదాల పేర్లు లోకమంతయు నెఱుగును. ఏబదియేండ్లు పాత్రలు కాల్చిన యావమును కట్టినవాని పే రెఱిగినవారు కొలదిమంది. నాకిది న్యాయముగా తోచదు.

ఇక అసలు సంగతి. ఇంగ్లండు పల్లెకుమ్మరులు పూర్వము ఎఱ్ఱమన్ను పళ్లెములపై పలుచని తెల్లమట్టిని ధారగా పోసి, గీతలు తీర్చి, పసుపుపచ్చని మెఱుగు పూసి కాల్చెడివారు. యంత్రశాలల తెల్లని పింగాణీ వచ్చి ఆ విద్యను అణచివేసెను. పెద్దయింటివారు ఆ పాతపళ్లెములను మోటువని యెంచి వదలివేసిరి. ఈ పళ్లెములపై ప్రేమ పెంచుకొన్నవారిలో జపానువాడగు హమదా ముఖ్యుడు. పొలములలో దొరకు పెంకులను ఏరి తెచ్చి, లీచ్‌తో కూర్చుండి, ఈ గీతల నెట్లు తీర్చిరో యని తర్కించెడివాడు. ఫలాహారవేళ రొట్టెపై పండ్లపాకమును, దానిపై మీగడను వేసి కదిపినప్పుడు ఏర్పడిన చారలను చూచి ఆ మర్మము తమకు తెలిసెనని లీచ్ చెప్పియున్నాడు. ఊరివారి తాతలకు చేతివాటముగా తెలిసినది, వారి మనుమలకు తెలియనిది, సముద్రములు దాటి వచ్చినవాడు రొట్టెముక్కపై వెదకి పట్టుకొనెను!

1923లో మైకేల్ కార్డ్యూ అను ఆంగ్ల యువకుడు లీచ్‌కు శిష్యుడుగా చేరెను. 1926లో అతడు వించ్‌కూంబ్ గ్రామమునందు మూతబడిన పాత కుమ్మరిశాలను తెఱచి, ఆ పూర్వపు పళ్లెములను, కూజాలను మరల చేయించెను. ఒకప్పుడు ఆ శాలలోనే సారె త్రిప్పిన ఎలైజా కంఫర్ట్ అను ముదుసలి తిరిగి పనిలో చేరెను. ఈ కథలో నాకు మిక్కిలి నచ్చిన మనుష్యుడు ఈ ముదుసలియే. మా వీధిలోను ఒక సారె తిరుగుచుండుట చిన్ననాట చూచితిని. అది ఆగినప్పుడు మరల తిరుగుమని పిలిచినవారు ఎవరును లేకపోయిరి.

1923 సెప్టెంబరు 1వ తేదీన టోక్యో ప్రాంతమును మహాభూకంపము నేలమట్టము చేసెను. ఆ వార్త విని హమదా ఆ సంవత్సరాంతమున ఇంగ్లండు వదలి స్వదేశమునకు మరలెను. తనతో ఇంగ్లీషు పాతపళ్లెములను కొన్నింటిని తీసికొని పోగా, క్యోటోలో కవాయి కంజిరో అను మిత్రుడు వానిని చూచి తన పనితీరునే మార్చుకొనెను. 1921లో హమదా ఇంగ్లండునందలి డిచ్లింగ్ అను పల్లెలో, నేతనేయుచు పల్లెబ్రతుకు బ్రతుకు ఎథెల్ మేరెట్ అను నామె యింటిని చూచియుండెను. తానును ఒక పల్లెలోనే బ్రతుకవలెనని నిశ్చయించుకొని, 1924లో టోక్యోకు ఉత్తరమున నున్న మషికో చేరెను.

మషికోలో 1853 మొదలు నీటిబానలు, జాడీలు, తేనీటి పాత్రలు చేయుచుండిరి. అవి వంటయింటి సామానులు. వానిని ఎవరును కళ యనలేదు. మినగవా మసు అను స్త్రీ కూలికి తేనీటి పాత్రలపై కొండలు, చెట్లు, ఏఱులు దినమునకు వందలకొలది వ్రాయుచుండెను. హమదా ఆమె చేతిని చూచి అబ్బురపడెను. అచ్చటి కుమ్మరులకు గురువునని కూర్చుండక, వారి కార్ఖానాలలో చోటడిగి పనిచేసెను. మన్ను ఆ యూరిదే, మెఱుగునకు వాడినది ఆ యూరి రాతిపొడియు, ధాన్యపు పొట్టు బూడిదయు. సొంత యిల్లు, ఆవము ఏర్పడుటకు 1930 వఱకు పట్టెను. సెయింట్ ఐవ్స్‌లో పాత్రల అడుగున ముద్రవేసినవాడు మషికోలో ముద్ర మానివేసెను.

పేరు విషయమున సెయింట్ ఐవ్స్‌లో వేఱు తీరు జరిగినది. ఆ యూరి బాలుడు విలియం మార్షల్ 1938లో చేరి, 1977 వఱకు పనిచేసి, మేస్త్రీ యయ్యెను. లీచ్ పేరిట ఖ్యాతి గన్న పెద్దపాత్రలు పెక్కింటిని సారెపై తీసినవాడితడే. అతిథుల చరిత్ర వ్రాయువారు ఇట్టి స్థానికుల పేర్లను ఒక పంక్తిలో ముగించుట పరిపాటి.

ఈ వృత్తాంతమునకు మన దేశముతోను సంబంధము కలదు. రవీంద్రుని కోరికపై 1922లో శ్రీనికేతనమున గ్రామపునర్నిర్మాణము ప్రారంభించిన ఎల్మ్‌హర్స్ట్, 1925లో ఇంగ్లండున డార్టింగ్టన్ స్థాపించి, లీచ్‌ను పోషించెను. 1952లో అచ్చటనే కుమ్మరులు, నేతపనివారు అంతర్జాతీయ సభ జరుపగా లీచ్, హమదా, యనాగి ముగ్గురును వచ్చిరి. మన రాజమహేంద్రవరమున కూల్డ్రే దొర కళాశాలకు అధ్యక్షుడై యుండి, దామెర్ల రామారావును భారతీయ చిత్రకళవైపు త్రిప్పిన సంగతి మన పెద్ద లెఱుగుదురు. మన గోడలమీది బొమ్మలను మనకు చూపుటకు సీమనుండి యొకడు రావలసివచ్చెను. దీనికి సిగ్గుపడవలెనో, కృతజ్ఞత చూపవలెనో నేను తేల్చుకొనలేదు.

హమదా 1978లో, లీచ్ 1979లో కాలధర్మము నొందిరి. 2008లో సెయింట్ ఐవ్స్ కార్ఖానాను బాగుచేసి తెఱచిరి. మత్సుబయాషి కట్టిన యావము అచ్చట సందర్శకులకు కనబడుచున్నది. 2011 మార్చి భూకంపమున మషికోలో హమదా ఆవము కూలినప్పుడు సెయింట్ ఐవ్స్‌వారు చందాలు పోగుచేసిరి. మఱుసటి యేడు రెండూళ్లును మైత్రి పత్రము వ్రాసికొనెను. కూలిన యావమును ఎత్తికట్టి, 2015లో దానిలో మరల నిప్పు వేసిరి.