దిగిరావడమే అసలు విద్య

కూల్‌డ్రింక్ బాటిల్‌లో మూడోవంతు నీళ్లు పోసి, సైకిల్ పంపుతో గాలి కొట్టి బిరడా వదిలితే చాలు, వాటర్ రాకెట్ దూసుకుపోతుంది. నీళ్లు కిందికి, బాటిల్ పైకి. న్యూటన్ మూడో సూత్రాన్ని ఇంతకంటే చవగ్గా ఏ బడీ చూపలేదు. 1973లో ఇంజినీరు నేథనియల్ వైత్ పెట్ ప్లాస్టిక్ బాటిల్‌కు పేటెంట్ పొందింది సోడా గ్యాస్ ఒత్తిడిని తట్టుకోవాలనే. ఆ గట్టిదనమే పిల్లలకు అక్కరకొచ్చింది.

చిక్కంతా దిగడంలోనే. ముక్కు టోపీలో మడిచిన పాలిథిన్ పారాషూట్ గొడుగు తొందరపడి విచ్చుకుంటే రాకెట్ ఎత్తుకు పోదు, ఆలస్యమైతే నేలకు గుద్దుకుంటుంది. సమయానికి విచ్చుకున్నా ఊగిసలాట తప్పదు. 1797 అక్టోబరు 22న పారిస్‌లో బెలూన్ నుంచి తాడు కోసుకుని పారాషూట్‌తో దిగిన ఫ్రెంచ్ సాహసికుడు గార్నెరాఁ బుట్ట కూడా అలాగే విపరీతంగా ఊగింది. గొడుగు నడినెత్తిన రంధ్రం పెడితే ఊపు తగ్గుతుందని తర్వాత తెలిసింది.

ఈ విద్య మన పెద్దపల్లికి మరీ దూరమేమీ కాదు. హైదరాబాద్ ఈసీఐఎల్ దగ్గరి టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా హైడ్రోజన్ బెలూన్లను 30 నుంచి 42 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతోంది. పని ముగిశాక పరికరాలు రంగుల పారాషూట్‌తో దిగుతాయి. ఎక్కడ దిగేదీ గాలి చేతిలో ఉంటుంది. అందుకే పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల జనానికీ ముందే ప్రకటనలు ఇస్తారు.

అక్కడి నుంచే ఎగిరిన 2005 ఏప్రిల్ 20 నాటి ఇస్రో బెలూన్ కథ వేరు. 459 కిలోల బరువుతో 41 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. ద్రవ నియాన్‌తో చల్లబరిచిన ఉక్కు గొట్టాలు అక్కడి పల్చటి గాలిని పీల్చుకున్నాయి. అవి పారాషూట్‌తో క్షేమంగా దిగాయి కాబట్టే ప్రయోగశాలలో 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు బయటపడ్డాయి. బ్యాక్టీరియాలో మూడు కొత్త జాతులు! ఒకదానికి ఆర్యభట పేరు, ఒకదానికి ఇస్రో పేరు, మూడోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు పెట్టారు. అవి అంతరిక్షం నుంచే వచ్చాయని మాత్రం ఇస్రో తేల్చి చెప్పలేదు. ఆ నిగ్రహం నాకు నచ్చింది.

మీ పొలంలోనో చెల్కలోనో రంగుల పారాషూట్, పొడవాటి తాడుతో పెట్టె దిగితే విప్పకండి. కొన్నింటిలో హై వోల్టేజీ ఉంటుంది. దగ్గరి పోలీస్ ఠాణాకు చెప్పండి. కబురు చెప్పినవారికి బహుమతి ఇస్తామని ఆ ప్రకటనల్లోనే ఉంటుంది.