స్కైలైన్ డ్రైవు పక్కన మాయమైన ఊళ్ళు

అక్టోబరు వచ్చిందంటే వాషింగ్టన్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాలు పులిహోర, పెరుగన్నం కట్టుకొని షెనండోవా నేషనల్ పార్కుకి బయలుదేరడం ఆనవాయితీ అయింది. సుమారు డెబ్భై మైళ్ళు పోతే ఫ్రంట్ రాయల్ గేటు. అక్కడినుంచి బ్లూ రిడ్జ్ కొండల వెన్ను మీదుగా 105 మైళ్ళ స్కైలైన్ డ్రైవు. ఎర్రబారిన ఆకులు చూస్తాం, ఫొటోలు తీసుకుంటాం, ఎలుగుబంటి కనపడలేదని పిల్లలు అలుగుతారు, చీకటి పడేవేళకి ఇల్లు చేరతాం.

చూడబోతే అనాదిగా ఉన్న అడవిలాగే ఉంటుంది. నిజానికి నూరేళ్ళ కిందట ఈ కొండల మీద పొలాలు, ఆపిల్ తోటలు, పశువుల బీళ్ళు, బడులు, చర్చిలు ఉండేవి.

తూర్పు రాష్ట్రాల పట్టణవాసులకి దగ్గరలో ఒక నేషనల్ పార్కు కావాలని 1926లో కాంగ్రెసు చట్టం చేసింది. అయితే భూమి కొనడానికి ఫెడరల్ ఖజానా నుంచి పైసా ఇవ్వబోమని అందులోనే షరతు పెట్టింది. భూమిని వర్జీనియా రాష్ట్రమే సేకరించి దానంగా ఇవ్వాలి. ఎకరానికి ఆరు డాలర్ల చొప్పున విరాళాలు అడిగారు. వెయ్యికి పైగా ఉన్న కమతాలకి ఒక్కొక్కరితో బేరమాడటం అయ్యే పని కాదని, 1928లో రాష్ట్రం మొత్తాన్ని ఒక్కపెట్టున స్వాధీనం చేసుకొనే చట్టం తెచ్చింది. ఒకాయన కోర్టుకెక్కితే ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1935లో రాష్ట్రమే గెలిచింది.

సుమారు 500 కుటుంబాలు కొండ దిగవలసివచ్చింది. పట్టా ఉన్నవారికి ఎంతో కొంత సొమ్ము ముట్టింది. తరాలుగా ఇతరుల భూమిలో ఇల్లు కట్టుకొని బతికినవారికి ఏమీ లేదు. 1981లో శ్రీశైలం డ్యాం నీళ్ళకి ఊళ్ళు ఖాళీ చేసిన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలవారు మన సభ్యుల్లో ఉంటే, వారికి దీన్ని విడమరచి చెప్పనక్కర లేదు.

మెలాంక్టన్ క్లైజర్ అనే ఆయన తన స్థలం వదలనన్నాడు. 1935 అక్టోబరులో షెరీఫ్ మనుషులు బేడీలు వేసి తీసుకుపోతుంటే ఆయన అమెరికా జాతీయగీతం పాడాడట. అదే ఏడాది డిసెంబరు 26న పార్కు ఏర్పడింది. 1936 జూలైలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ బిగ్ మెడోస్‌లో ప్రారంభోత్సవం చేశారు.

వెళ్ళగొట్టడానికి ముందు నింద వేయడం ఎక్కడైనా ఉన్నదే. 1933లో "హాలో ఫోక్" అనే పుస్తకం ఈ కొండవాసులు నాగరికత ఎరుగని మనుషులని రాసింది. 1990లలో పురావస్తు పరిశోధకులు ఆ లోయల్లోనే తవ్వితే దుకాణంలో కొన్న పింగాణీ, మందుసీసాలు, పిల్లల ఆటబొమ్మలు బయటపడ్డాయి. అంటే పల్లెటూరివాళ్ళు, అంతే.

ఇంకో సంగతి మన పిల్లలకి తప్పక చెప్పాలి. ఆ రోజుల్లో వర్జీనియాలో జాతిభేదం చట్టమే కాబట్టి పార్కులోనూ అది పాటించారు. నల్లవారి కోసమని 1939లో లూయిస్ మౌంటెన్ దగ్గర విడిగా బస, భోజనశాల తెరిచారు. 1950 నాటికి గానీ ఆ భేదం తొలగలేదు. మనం పుట్టుకతో తెచ్చుకున్న ఈ రంగుతో అప్పుడు వచ్చి ఉంటే, పులిహోర డబ్బా ఎక్కడ విప్పమనేవారో!

రోడ్డు సంగతికొస్తే, 1931లో మొదలై 1939లో పూర్తయింది. దాని పక్కన రాతిగోడలు, చెట్లు చాలావరకు 1933 నుంచి పనిచేసిన సి.సి.సి. కుర్రవాళ్ళ చేతిపనే. వారి జీతం నెలకి 30 డాలర్లు. అందులో 25 ఇంటికి పంపేవారు. మొదటి ఏళ్ళలో మనం ఊరికి పంపిన మనియార్డర్లు గుర్తుకొస్తాయి.

కొందరు ముసలివారిని చనిపోయేదాకా ఉండనిచ్చారు. వారిలో ఆఖరు మనిషి ఆనీ షెంక్ 1979లో కన్నుమూసింది.

ఈసారి వెళ్ళినప్పుడు నాలుగో మైలురాయి దాటాక డికీ రిడ్జ్ దగ్గర కారాపండి. ఎదురుగా ఫాక్స్ హాలో కాలిబాట, మైలుంపావు. చంటిపిల్లలతో కూడా నడవవచ్చు. పొలం బాగుచేసేటప్పుడు ఏరి పోసిన రాళ్ళకుప్పలు, చెట్లమధ్య ఫాక్స్ కుటుంబం సమాధులు అక్కడ ఇంకా ఉన్నాయి.