ఫ్లోరోసిస్ పరిశోధన: నెల్లూరు నుంచి నల్లగొండ దాకా

తాగేనీటిలో ఫ్లోరైడ్ మోతాదు మించితే పళ్ళకు, ఎముకలకు, కీళ్ళకు వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో ఇది మనుషులకు వస్తోందని మొదట తేల్చింది తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఆ సంగతి బయటపడింది. తర్వాతి ఎనభై ఏళ్ళలో వైద్యులు, పోషకాహార నిపుణులు, భూగర్భ శాస్త్రవేత్తలు, నీటి ఇంజినీర్లు దీని మీద పనిచేశారు. జబ్బు ఏమిటో, ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి పెద్దగా కాలం పట్టలేదు. ఆ తెలివిడి ఊళ్ళో మంచినీళ్ళ బిందె దాకా చేరడానికే రెండు తరాలు గడిచాయి. ఈ చరిత్రలో ఎక్కువ భాగం ఆ జాప్యానిదే.

ఎద్దుల నడక, మనుషుల వెన్ను

1930ల మొదట్లో తెలుగు రైతులు తమ ఎద్దుల్లో ఒక మార్పు గమనించారు. కీళ్ళు నొప్పులతో బిగుసుకుపోయి అవి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోయేవి. 1934లో నిజాం రాజ్యంలోని పశువులకు ఇలాంటి జబ్బు ఉన్నట్టు పశువైద్య నివేదిక ఒకటి నమోదు చేసింది. మద్రాసు ప్రెసిడెన్సీలో మనుషుల పళ్ళ మీద మచ్చలు పడుతున్నాయన్న వార్తా దాదాపు అదే కాలంలో బయటికి వచ్చింది. ఊళ్ళల్లో ఈ పళ్ళను గారపళ్ళు అనేవారు. గార పట్టడం పళ్ళు తోముకోకపోవడం వల్లనేనని చాలామంది అనుకునేవారు. నిజానికి ఈ మరక పంటి పింగాణీలోనే ఉంటుంది. ఎంత తోమినా పోదు.

అప్పటికి అమెరికాలో ఈ చిక్కుముడి విడిపోయింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901లో ప్రాక్టీసు పెట్టిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడివాళ్ళ పళ్ళ మీది గోధుమరంగు మరకల వెనక ముప్ఫై ఏళ్ళు తిరిగాడు. నీళ్ళలోనే ఏదో ఉందన్న అనుమానం ఆయనదే. ఆ ఏదో ఫ్లోరైడ్ అని 1931లో తేల్చింది మాత్రం ఆల్కోవా అల్యూమినియం కంపెనీ రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్. మరకల నింద అల్యూమినియం మీద పడుతుందేమోనన్న భయం కూడా కంపెనీని ఈ పరీక్షలకు పురిగొల్పింది. అదే ఏడాది అరిజోనాలో మార్గరెట్ కామక్ స్మిత్ బృందం విడిగా ఇదే నిర్ణయానికి వచ్చింది. డెన్మార్క్‌లో క్రయొలైట్ అనే ఫ్లోరైడ్ ఖనిజం పొడి పీల్చిన కార్మికుల ఎముకలు గట్టిపడినట్టు 1932లో వెల్లడైంది. కాయ్ రోహోమ్ ఈ విషప్రభావం మీద 1937లో పెద్ద గ్రంథమే ప్రచురించాడు.

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్ పరిశోధన వెలువడింది కూడా 1937లోనే. సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఆయనతో కలిసి నెల్లూరు జిల్లా జబ్బు గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. అదే ఏడాది జి.ఆర్. మెక్‌రాబర్ట్, రేడియాలజిస్టు టి.డబ్ల్యు. బర్నార్డ్, మన్నాడి నాయర్‌లతో కలిసి షార్ట్ ఇంకో వ్యాసం వెలువరించాడు. వాళ్ళు చూసిన రోగులు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలవాళ్ళు. ఆ తాలూకాలు తర్వాత ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఈ షార్టే 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా పరాన్నజీవి కాలేయంలో దాక్కునే దశను కనిపెట్టి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. నెల్లూరు పనిని అందుకే అంతగా ఎవరూ తలుచుకోరు.

ఎక్స్‌రే తీస్తే జబ్బు దాగదు. ఎముక మామూలుకంటే తెల్లగా, సున్నం కొట్టినట్టు కనిపిస్తుంది. వెన్నుపూసల మధ్య ఉండే పట్టీలు కూడా గట్టిపడి ఎముకలో కలిసిపోతాయి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పల్చని పొరలోనూ సున్నం పేరుకుంటుంది. ముదిరిన రోగి మెడ తిప్పలేడు, నేల మీద కూర్చోలేడు. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిరగాలి. వెన్నుపాము నొక్కుకుపోతే కాళ్ళు చచ్చుబడతాయి. ఎముకలోని ఖనిజంలో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ చేరడం వల్ల ఎముక గట్టిపడుతుంది కానీ పెళుసుబారుతుంది. పట్టీలకు పట్టిన సున్నాన్ని తీసెయ్యగల మందు ఇప్పటికీ లేదు.

హైదరాబాదు వైద్యుడు ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా రోగుల వివరాలు ప్రచురించాడు. ఈ జబ్బు పేరు చెబితే నల్లగొండ గుర్తుకు రావడం అక్కడి నుంచి మొదలైంది.

రాతిలో ఉన్నది

నల్లగొండ నేల కింద ఉన్నది ప్రధానంగా గ్రానైటు. అందులోని ఫ్లోరైట్, అపటైట్, బయొటైట్ ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. ఈ ప్రాంతపు రాళ్ళలో దాని పాళ్ళు గ్రానైట్ల ప్రపంచ సగటుకంటే బాగా ఎక్కువని 1990లలో వచ్చిన పరిశోధనలు చూపాయి. కొన్ని బావుల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా తేలింది. భారత ప్రమాణాల సంస్థ ఒప్పుకునేది 1 మిల్లీగ్రాము. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు.

రాతిలో ఉన్నంత మాత్రాన నీళ్ళలోకి రావాలని లేదు. నీళ్ళలో కాల్షియం సరిపడా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దించేస్తుంది. నల్లగొండ లాంటి వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న చోట్ల కాల్షియం సున్నపు గులకలుగా నేలలోనే పేరుకుపోతుంది. మిగిలిన నీళ్ళలో సోడియం, బైకార్బొనేటు పెరిగి క్షారగుణం వస్తుంది. అలాంటి నీళ్ళు రాతి పగుళ్ళలో ఏళ్ళతరబడి నిలవుంటే ఫ్లోరైడ్ కరిగి వచ్చేస్తుంది. మరో ఇబ్బంది ఏమిటంటే ఈ నీళ్ళు తేటగా ఉంటాయి, వాసన రావు, నోటికి తేడా తెలియదు. కాచి తాగితే మేలని డాక్టర్లు చెప్పే మాట ఇక్కడ బెడిసికొడుతుంది. ఆవిరైన మేర నీళ్ళు తగ్గి ఫ్లోరైడ్ పాళ్ళు పెరుగుతాయి.

చెరువు నీళ్ళు, లోతులేని దిగుడుబావుల నీళ్ళు తాగిన కాలంలో రాతితో నీటి సావాసం తక్కువ. మురికి నీళ్ళ వల్ల వచ్చే వాంతులు, విరేచనాల నుంచి కాపాడాలని ప్రభుత్వాలు ఊరూరా బోరింగులు వేయించాయి. ఆ ఉద్దేశం మంచిదే, కలరా తగ్గింది కూడా. గ్రానైటు పగుళ్ళలోని నీళ్ళను పరీక్షించకుండా జనానికి తాగబోయడం మాత్రం ఆ కార్యక్రమంలోని పెద్ద లోపం.

జొన్నన్నం, చింతపండు

కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాలయం 1958లో హైదరాబాదుకు తరలింది. 1969లో అదే జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ శాస్త్రవేత్తలు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో కొత్త సంగతి రాశారు. నల్లగొండ పల్లెల్లో యుక్తవయసు పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. ఎముకలు గట్టిపడవలసింది పోయి కొన్నిచోట్ల గుల్లబారుతున్నాయి. పాత వ్యాసాల్లోని ఫ్లోరోసిస్‌కు ఇది భిన్నం.

వాళ్ళ వివరణ ఆసక్తికరమైనది. నాగార్జునసాగర్ కాలువల్లోకి 1967లో నీళ్ళు వదిలాక ఆ చుట్టుపట్ల భూగర్భ జలమట్టం పైకి వచ్చి నేల క్షారగుణం పెరిగింది. అలాంటి నేలలో పండిన జొన్న మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంది. మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లోని రాగి మూత్రంలో పోతుంది. రాగి తగ్గిన ఎముక మీద ఫ్లోరైడ్ దెబ్బ ఇంకోలా పడుతుంది. జబ్బు ఉన్న ఊళ్ళ జొన్నలను, లేని ఊళ్ళ జొన్నలను పోల్చి చూసిన 1977 నాటి విశ్లేషణ ఈ వాదానికి కొంత బలమిచ్చింది. ఇదే తుది మాట అని చెప్పలేం, కాల్షియం లోపానికీ ఇందులో పెద్ద వాటా ఉంది. అయితే ఒక ఆనకట్టకూ, పొలంలో గింజకూ, పిల్లాడి మోకాలికీ సంబంధం ఉండొచ్చని అడిగిన తీరు ఆనాటికి కొత్తది. ఒకే నీళ్ళు తాగే రెండు ఇళ్ళలో ఒకరికి జబ్బు ముదిరి మరొకరికి ముదరకపోవడానికి తిండి కారణమని అప్పటి నుంచే గట్టిగా చెప్పడం మొదలైంది. పాలు, ఆకుకూరలు అందే పిల్లలు కొంత తట్టుకుంటారు. కూలి చేసుకునే ఇంట్లో రోజూ పాలెక్కడివి?

అదే సంస్థలో అర్జున్ ఖండారే బృందం 2002లో చింతపండు మీద చేసిన అధ్యయనం తెలుగువాళ్ళకు ముచ్చటగా ఉంటుంది. బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు పెట్టి చూస్తే మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగింది. చారు తాగితే జబ్బు పోతుందని దీని అర్థం కాదు. ఒంట్లో నిలవుండేదాన్ని కాస్త తగ్గించవచ్చు, అంతే.

పటిక, సున్నం, బకెట్టు

నీళ్ళలోంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతుల్లో నల్లగొండ పేరు ప్రపంచమంతా తెలిసింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, అంటే నీరి, దీన్ని రూపొందించింది. నవలాఖే, కులకర్ణి, పాఠక్, కె.ఆర్. బులుసు 1975లో వివరాలు ప్రచురించారు. పటికకు ఈ గుణం ఉందని అమెరికాలో బోరఫ్ 1934లోనే చూపాడు. పల్లెటూరి ఇంట్లో చేసుకోగలిగేలా దాన్ని మలచడం నీరి గొప్పతనం.

చేసే తీరు ఇది. అడుగు నుంచి నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తున కుళాయి బిగించిన 40 లీటర్ల బకెట్టులో నీళ్ళు నింపుతారు. సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి బాగా కలుపుతారు. తర్వాత పటిక నీళ్ళు పోసి పది నిమిషాలు నెమ్మదిగా తిప్పుతారు. పటికలోని అల్యూమినియం తెల్లని తుంపులుగా విరిగి, ఫ్లోరైడ్‌ను అంటించుకుని అడుక్కి దిగుతుంది. గంటసేపు కదపకుండా ఉంచితే పైన తేటనీళ్ళు, కింద మడ్డి. కుళాయి అడుగున కాక కాస్త పైన పెట్టేది ఆ మడ్డి నీళ్ళతో రాకుండా. పటిక నీళ్ళను పులుపెక్కిస్తుంది కాబట్టి సున్నంతో సరిచేస్తారు. సూక్ష్మజీవుల పని బ్లీచింగ్ చూసుకుంటుంది. ఊరంతటికీ చెయ్యాలంటే ఇదే పనిని ట్యాంకుల్లో మోటార్లతో చేస్తారు.

పద్ధతి చవక, సరుకులు అంగట్లో దొరుకుతాయి. చిక్కు కొలతలో ఉంది. ఎంత పటిక వెయ్యాలన్నది ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టి కాక నీటి క్షారగుణాన్ని బట్టి కూడా మారుతుంది. ఒక బావికి సరిపోయిన లెక్క పక్క బావికి పనికిరాదు. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే నీళ్ళలో అల్యూమినియం, సల్ఫేటు మిగిలి రుచి చెడుతుంది. రోజూ పోగయ్యే మడ్డిని ఎక్కడ పారబొయ్యాలన్నది మరో తంటా. యంత్రం కొనిపెట్టినంత తేలికగా దాన్ని రోజూ నడిపే మనిషికి జీతం ఇవ్వలేకపోవడం మన పథకాల పాత జబ్బు, అదే దీన్నీ దెబ్బతీసింది. టాంజానియాలోని అరూషా ప్రాంతంలో, ఇథియోపియా రిఫ్ట్ లోయలో ఇదే పద్ధతి ఇదే పేరుతో అమలైంది. అక్కడి ఇంజినీర్లకు నల్లగొండ అంటే ఊరు కాదు, నీటి శుద్ధి.

తర్వాత వచ్చిన యాక్టివేటెడ్ అల్యూమినా వడపోతలు, విద్యుత్తుతో ఫ్లోరైడ్ తీసే యూనిట్లు, ఆర్వో ప్లాంట్లు ఒక్కొక్కటీ కొంతకాలం నడిచాయి. ఆర్వోలో వడకట్టగా మిగిలిన చిక్కని నీళ్ళు మళ్ళీ ఆ నేలలోకే పోతాయి.

నది నీళ్ళ కోసం

నీళ్ళను శుద్ధి చేసుకోవడం కాదు, మంచినీళ్ళే కావాలన్నది జనం మాట. దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలో జలసాధన సమితి కృష్ణా జలాల కోసం పోరాడింది. ఆ పోరాటంలో భాగంగానే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి ఏకంగా 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఢిల్లీ దీన్ని అర్థం చేసుకున్న తీరు వేరు. ఆ ఏడాదే అభ్యర్థుల డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది.

2004లో కృష్ణా నీళ్ళు మొదటి దశ కింద హైదరాబాదు చేరాయి. వాటిని ఎత్తిపోసేది నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచి, శుద్ధి చేసేది ఆ జిల్లాలోని కోదండపురంలో. అదే జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు పల్లెల్లో చాలావాటికి మాత్రం ఇంటింటి కుళాయి ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు గానీ రాలేదు. ఇంటింటికీ మంచినీళ్ళిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించడం వెనక ఈ చరిత్ర ఉంది. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగే ఆవాసం ఒక్కటీ మిగల్లేదని అధికారిక లెక్కలు ప్రకటించాయి.

ఆ లెక్కను సరిచూడడానికి వైద్యుల దగ్గర మంచి కొలబద్ద ఉంది. శాశ్వత పళ్ళ పింగాణీ ఎనిమిదేళ్ళ లోపే తయారవుతుంది, ఆ తర్వాత తాగిన నీళ్ళు దాని మీద మరక వెయ్యలేవు. కాబట్టి ముందుపళ్ళు ఆ పిల్లలు పసితనంలో తాగిన నీటిని చెబుతాయి. కుళాయి నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లలకు ఆ పళ్ళు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. వాటితోపాటు చూడవలసింది పొలాలను. వరికి, కూరగాయలకు పారేది ఇంకా బోరు నీళ్ళే. పొలానికి పోయినవాళ్ళు దాహమైతే మోటారు దగ్గర దోసిలి పట్టేదీ ఆ నీళ్ళకే.