పైకి ప్రశాంతం, లోపల అలజడి: ఆటిజం ఉన్న పిల్లల శరీర స్థితిని ఉపాధ్యాయులకు చూపే తెర ఎలా ఉండాలి?

తరగతి గదిలో ఒక చిన్నారి కదలక మెదలక కూర్చున్నంత మాత్రాన ఆ చిన్నారి మనసు కుదుటగా ఉన్నదని చెప్పలేము. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు తమలోని ఆందోళనను మాటల్లో చెప్పలేరు. మరికొందరి ముఖంలో అది ఇతరులకు పరిచయమైన రీతిలో వ్యక్తం కాదు. అందువల్ల, గుండె వేగంగా కొట్టుకుంటున్న సమయంలోనే 'ఇప్పుడు శాంతంగా ఉన్నాడు, కొత్త పాఠం మొదలుపెట్టవచ్చు' అని ఉపాధ్యాయులు భావించే అవకాశం ఉంది. ఆ తరువాత వచ్చే ఏడుపు, పరుగు, తనను తాను కొట్టుకోవడం చూసేవారికి అకారణంగా తోస్తాయి.

మణికట్టుకు ధరించే సెన్సర్లు ఈ అంతరాన్ని కొంతవరకు పూడ్చగలవని పరిశోధకులు భావిస్తున్నారు. అయితే సెన్సర్ ఇచ్చే సమాచారం ఉపాధ్యాయులకు ఏ రూపంలో చేరుతుందన్న దానిపైనే దాని ప్రయోజనం, ప్రమాదం రెండూ ఆధారపడి ఉంటాయి.

శారీరక ఉత్తేజం అంటే ఏమిటి?

భయం, సంతోషం, శ్రమ, హఠాత్తుగా వినిపించిన శబ్దం వంటి వాటికి శరీరం సన్నద్ధమయ్యే స్థితినే శారీరక ఉత్తేజం అంటారు. దీనిని నడిపించేది సహానుభూత నాడీవ్యవస్థ. ఇది చురుకైనప్పుడు గుండె వేగం పెరుగుతుంది, అరచేతుల్లో, అరికాళ్లలో స్వేద గ్రంథులు పనిచేయడం మొదలుపెడతాయి. చెమట కంటికి కనిపించనంత స్వల్పంగా ఉన్నా చర్మం గుండా విద్యుత్తు మరింత సులభంగా ప్రవహిస్తుంది. ఈ మార్పును చర్మ విద్యుత్ వాహకత అంటారు. దీనిని మైక్రోసీమెన్స్‌లో కొలుస్తారు.

చర్మపు విద్యుత్ లక్షణాలు భావోద్వేగాలతో పాటు మారుతాయని ఫ్రాన్స్‌కు చెందిన వైద్యుడు చార్లెస్ ఫెరే 1888లోనే గమనించారు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన ఆచార్యురాలు రోజలిండ్ పికార్డ్ 1997లో వెలువరించిన 'అఫెక్టివ్ కంప్యూటింగ్' గ్రంథం, యంత్రాలు మానవ భావోద్వేగాలను పరిగణనలోకి తీసుకోవడమనే అధ్యయన రంగానికి పునాది వేసింది. ఆ తరువాత ఆమె బృందం ప్రయోగశాల వైర్లు అవసరం లేని మణికట్టు సెన్సర్లను రూపొందించి, ఆటిజం ఉన్నవారి విషయంలోనూ ఉపయోగించింది.

'ఎంత' అన్నదే తెలుస్తుంది, 'ఎందుకు' అన్నది కాదు

పికార్డ్ బహిరంగ వేదికలపై వివరించిన ఒక సంఘటన ఈ సాధనాల శక్తిని, పరిమితిని కూడా తెలుపుతుంది. మాటలు రాని తన తమ్ముడికి ఒత్తిడి ఎప్పుడు కలుగుతున్నదో తెలుసుకోవడానికి ఒక విద్యార్థి సెలవుల్లో ఆ సెన్సర్లను తీసుకువెళ్లారు. ఆ బాలుడికి ఆటిజం ఉంది. నమోదైన సమాచారంలో ఒక చేతి రీడింగ్ అసాధారణంగా పెరిగినట్లు కనిపించింది. మొదట సెన్సర్ చెడిపోయిందని అనుమానించారు. ఆ పెరుగుదల తరువాత బాలుడికి మూర్ఛ వచ్చినట్లు తేలింది.

అంటే సెన్సర్ గీత పైకి లేవడానికి కారణం కోపం కావచ్చు, ఆనందం కావచ్చు, ఆట కావచ్చు, అనారోగ్యం కావచ్చు. కాబట్టి తెరపై 'కోపం', 'భయం' వంటి పేర్లు రాయడం సరికాదు. శరీరం ఎంత ఉత్తేజితమైందన్నది మాత్రమే తెర చెప్పాలి. ఎందుకన్నది ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, వీలైనంతవరకు ఆ చిన్నారి కలిసి తెలుసుకోవలసిన విషయం.

ఎవరి కొలమానం వారిదే

విశ్రాంతి స్థితిలో చర్మ విద్యుత్ వాహకత సాధారణంగా 2 నుంచి 20 మైక్రోసీమెన్స్ మధ్య ఉంటుంది. ఒకరికి సహజమైన అంకె మరొకరికి తీవ్ర ఉత్తేజం కావచ్చు. అందువల్ల పిల్లలందరికీ ఒకే గీత గీసి, దానిని దాటితే ప్రమాదమనడం శాస్త్రీయం కాదు. కొన్ని రోజుల పాటు ఆ చిన్నారి సాధారణ స్థాయిని నమోదు చేసి, నేటి స్థితిని దానితోనే పోల్చాలి.

అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన మాథ్యూ గుడ్విన్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ఇదే విషయాన్ని సూచిస్తుంది. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న, ఆటిజం ఉన్న 20 మంది పిల్లల, యువకుల సెన్సర్ సమాచారాన్ని ఈ బృందం విశ్లేషించింది. గడచిన 3 నిమిషాల సమాచారం ఆధారంగా, ఇతరులపై చేయి చేసుకునే ప్రవర్తనను 1 నిమిషం ముందుగా అంచనా వేయడానికి ప్రయత్నించింది. అందరికీ ఒకటే అయిన నమూనా కన్నా, ఒక్కొక్కరి సమాచారంతో రూపొందించిన నమూనా మెరుగైన ఫలితాన్ని ఇచ్చింది.

తెరపై ఏముండాలి?

పరిశోధకులకు వంకర టింకర గీతలు, దశాంశ అంకెలు అవసరం. బోర్డు వద్ద నిలబడి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు వాటిని చదివే తీరిక ఉండదు. ఒక్క చూపులో అర్థం కావలసినవి నాలుగే.

మొదటిది, ప్రస్తుత స్థాయి. కుండలో నీటిమట్టం మాదిరిగా మూడు లేదా నాలుగు మెట్లు చాలు.

రెండవది, దిశ. స్థాయి పెరుగుతున్నదా, తగ్గుతున్నదా, నిలకడగా ఉన్నదా అన్నది ఒక బాణం గుర్తు చెప్పగలదు. ఎక్కువగా ఉండి తగ్గుతున్న చిన్నారికి, తక్కువగా ఉండి వేగంగా పెరుగుతున్న చిన్నారికి కావలసిన సహాయం ఒకటి కాదు.

మూడవది, గడచిన పది నిమిషాల జాడ. చర్మ స్పందన కారణం ఎదురైన ఒకటి నుంచి మూడు సెకన్ల తరువాత మొదలై, నెమ్మదిగా తగ్గుతుంది. క్షణక్షణం మారే అంకె కంగారు పెడుతుంది, కొద్ది నిమిషాల ధోరణి ఆలోచించే వీలు కల్పిస్తుంది.

నాలుగవది, 'సమాచారం లేదు' అనే గుర్తు. పట్టీ వదులైనా, చేయి అదే పనిగా ఊపుతున్నా రీడింగ్ నమ్మదగినది కాదు. అప్పుడు తెర పాత స్థాయినే చూపుతూ ఉంటే ఉపాధ్యాయులు పొరబడతారు.

రంగుల ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. ఎరుపు, ఆకుపచ్చ రంగులను వేరు చేసి చూడలేనివారు ఉంటారు గనుక రంగుతో పాటు ఆకారం కూడా మారాలి. ఎరుపు అనగానే 'తప్పు' అనే భావం కలుగుతుంది. ఉత్తేజం తప్పు కాదు. ఇష్టమైన పాట వింటూ గంతులు వేసే చిన్నారి స్థాయి కూడా పైనే ఉంటుంది.

మన వాతావరణం, మన తరగతులు

ఉష్ణోగ్రత పెరిగితే చెమట పెరుగుతుంది. కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన గదిలో, ఆటల పీరియడ్ ముగిసిన వెంటనే, అందరి రీడింగులూ పైకి లేస్తాయి. అందుకే గది ఉష్ణోగ్రతను, శరీర కదలికను కూడా లెక్కలోకి తీసుకోని తెర మన వేసవిలో తప్పుడు హెచ్చరికలు ఇస్తుంది.

తెరపై గంట మోగింది, పాఠం మారింది, భోజన విరామం వంటి సందర్భాలను ఒక్క తాకిడితో గుర్తించే మీటలు ఉంటే ప్రయోజనం అధికం. రెండు మూడు వారాల తరువాత వెనక్కి చూస్తే, స్థాయి పెరగడానికి ముందు తరచూ ఏమి జరుగుతున్నదో తెలుస్తుంది. మార్చవలసింది చిన్నారిని కాదు, చెవులు అదిరే గంటను లేదా ముందుగా చెప్పకుండా మార్చిన పీరియడ్‌ను అని అప్పుడు బోధపడవచ్చు.

చూసే హక్కు ఎవరికి?

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 18 ఏళ్ల లోపు వారి డిజిటల్ సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అవసరమని డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023 చెబుతోంది. శరీర స్పందన అత్యంత వ్యక్తిగతమైనది. దానిని తరగతి గోడపై అందరికీ కనిపించేలా ప్రదర్శించకూడదు, మార్కులకు గానీ శిక్షకు గానీ ఆధారం చేసుకోకూడదు. పట్టీ వద్దని చిన్నారి తీసివేస్తే, అది కూడా ఒక సమాధానంగానే స్వీకరించాలి. చర్మానికి తగిలే పట్టీయే కొందరికి భరించరానిది.

సెన్సర్ లేకపోయినా

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని భవిత కేంద్రాల్లోనూ, సాధారణ పాఠశాలల్లోనూ ఇటువంటి పరికరాలు లేకపోయినా, ఈ పద్ధతిలోని సారాన్ని కాగితంపైనే అనుసరించవచ్చు. నాలుగు మెట్ల బొమ్మను చిన్నారి బల్లపై అంటించి, తన స్థాయిని వేలితో చూపమని నేర్పవచ్చు. చూపలేని పిల్లల విషయంలో శ్వాస వేగం, వేళ్ల బిగువు, చెవులు మూసుకోవడం వంటి గుర్తులను తల్లిదండ్రుల నుంచి అడిగి తెలుసుకుని, సమయంతో సహా నోటుపుస్తకంలో రాసుకోవచ్చు.

సెన్సర్ ఉన్నా, కాగితమే ఉన్నా, స్థాయి పెరుగుతున్నట్లు కనిపించినప్పుడు ఉపాధ్యాయులు చేయవలసిన మొదటి పని ఒకటే. అడిగే ప్రశ్నలను తగ్గించి, శబ్దాన్ని తగ్గించి, చిన్నారికి కొంత సమయం ఇవ్వాలి.