వాదమునకు గీటురాయి



ఒక యూరిలో దొంగతనము జరిగినదనుకొనుడు. తెల్లవారుసరికి పాలేరొకడు కనబడలేదు. రచ్చబండకడ నొకరు, “వాడు దొంగయైనచో పారిపోవును, వాడు పారిపోయినాడు, కావున వాడే దొంగ” యని వాదించిరి. వినువారు తలలూపిరి. తీర్పు చెప్పవలసిన పెద్దలు, తల యూపుటకు ముందు ఈ వాదము నిలుచునా నిలువదా యని పరీక్షింపవలదా? బంగారమునకు గీటురాయి యున్నట్లు ఇట్టి వాదములకును ఒక పరీక్ష కలదు. దానిని సత్యపట్టిక యందురు.

దీనికి మూలమైన ప్రశ్న మిగుల ప్రాచీనమైనది. “ఇది యైనచో అది యగును” అను వాక్యము ఎప్పుడు నిజము, ఎప్పుడబద్ధము? క్రీస్తునకు పూర్వము 300 ప్రాంతమున గ్రీకు తార్కికులు దీనినిగూర్చి తగవులాడుకొనిరి. మొదటి భాగము నిజమై రెండవ భాగము అబద్ధమైనపుడు మాత్రమే వాక్యమబద్ధమని ఫిలో అనునతడు నిర్ణయించెను. అతని గురువైన డయొడోరస్ క్రోనస్ అందుల కొడంబడలేదు. గురుశిష్యుల యీ తగవు తర్కచరిత్రలో ప్రసిద్ధమైనది.

ఫిలో నిర్ణయము పట్టికగా మారుటకు రెండువేల యేండ్లకు పైగా పట్టెను. 1847లో ఇంగ్లండువాడైన జార్జి బూలు, తర్కమును బీజగణితమువలె లెక్కింపవచ్చునని చూపెను. 1879లో జర్మనుడైన ఫ్రేగే తర్కమునకు క్రొత్త లిపినే కల్పించెను. 1893లో అమెరికావాసి చార్లెసు పియర్సు పట్టికను వ్రాసెను గాని యది చేవ్రాతలలోనే యుండిపోయెను. తుదకు 1921లో, ఒకరి నొకరెరుగని యిద్దరి రచనలలో సత్యపట్టిక అచ్చుకెక్కెను. ఒకరు న్యూయార్కులో చదివిన ఎమిల్ పోస్టు. రెండవవారు మొదటి మహాయుద్ధమున సైనికుడుగా పనిచేసిన ఆస్ట్రియావాసి విట్గెన్‌స్టైను.

ఇక మన పాలేరు సంగతికి వత్తము. ఇసుకలో నాలుగు వరుసలు గీయుడు. మొదటిది: దొంగయే, పారిపోయెను. రెండవది: దొంగయే, పారిపోలేదు. మూడవది: దొంగ కాడు, పారిపోయెను. నాలుగవది: దొంగ కాడు, పారిపోలేదు. ఐదవది లేదు. “దొంగయైనచో పారిపోవును” అను మాట రెండవ వరుసను కొట్టివేయును. “పారిపోయినాడు” అను మాట నాలుగవదానిని కొట్టివేయును. మిగిలినవి మొదటిది, మూడవది. మూడవదానిలో వాడు దొంగ కాడు! తల్లికి జబ్బని కబురు వచ్చి రాత్రికి రాత్రి పోయియుండవచ్చును. చెప్పిన మాటలన్నియు నిజమైయుండియు, తేల్చిన మాట అబద్ధమగు వరుస యొక్కటి యున్నను వాదము చెల్లదు.

ఇదే వాదమును మార్చి చూతము. “దొంగయైనచో పారిపోవును, వాడు పారిపోలేదు, కావున దొంగ కాడు.” ఇచట నాలుగవ వరుస యొక్కటియే మిగులును. ఈ వాదము చెల్లును.

మన నైయాయికులును ఇట్టి పొరపాటును కనిపెట్టిరి. పొగ యున్నచోట నిప్పుండును. కాని నిప్పున్నచోట నెల్ల పొగ యుండదు. ఎర్రగా కాలిన యినుపగుండు అందులకు సాక్షి. ఆంధ్రుడని ప్రతీతిగల అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఈ దృష్టాంతమును వాడెను. అయితే రెండు మార్గములు నొకటి కావు. న్యాయశాస్త్రము లోకమును చూచి వ్యాప్తిని నిర్ణయించును. పట్టిక వాక్యముల యల్లికను మాత్రమే చూచును. ఐనను ఇనుపగుండు చేయు పనియు, మూడవ వరుస చేయు పనియు నొక్కటే.

పట్టికకు హద్దులు గలవు. వాక్యమొకటి పెరిగినకొలది వరుసలు రెట్టింపగును: రెండింటికి 4, మూడింటికి 8, పదింటికి 1024. అంతకంటె ముఖ్యమైనది, “దొంగయైనచో పారిపోవును” అను మాట అసలు నిజమా యని పట్టిక చెప్పజాలదు. దానిని సాక్షులవలన, విచారణవలన పెద్దలే తేల్చుకొనవలెను. పట్టిక చెప్పునది యొక్కటే: ఆ మాటలనుండి ఈ తీర్పు వచ్చునా, రాదా యని.

ఆ యొక్కటియు చిన్నది కాదు. నిరపరాధి నిలిచియుండునది మూడవ వరుసలోనే. తీర్పు చెప్పుటకు ముందు ఆ వరుసను చూచినవారే న్యాయము చేసినవారు.