నాలుగు గీతలు, అర మార్కు

ఆరో తరగతి క్వార్టర్లీ పరీక్షలో రోమన్ అంకెల్లో నాలుగు రాయమంటే నేను నాలుగు నిలువు గీతలు గీశాను. లెక్కల మాస్టారు అర మార్కు కోసేశారు. "హెడ్‌మాస్టారి గదిలో గడియారం మీద అలాగే ఉందండి" అన్నాను భయపడుతూ. ఆయన నన్ను వెంటబెట్టుకెళ్ళి చూశారు. నిజమే! అర మార్కు తిరిగిచ్చి, "ఎందుకలా రాస్తారో నాకూ తెలీదురా. తెలిస్తే వచ్చి చెప్పు" అన్నారు. ఇంజనీరునై, ఊళ్ళు తిరిగి, యాభై దాటాక ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నాను.

జూపిటర్ దేవుడి పేరు లాటిన్‌లో ఐ, వి అక్షరాలతో మొదలవుతుంది. అందుకే రోమన్లు భయభక్తులతో నాలుగును ఆ అక్షరాలతో రాసేవారు కాదని ఒక కథ ఉంది. కథ బాగుంది కానీ, వాళ్ళ శాసనాల్లో రెండు రకాలూ కనిపిస్తాయి. క్రీ.శ. 80లో ప్రారంభమైన కొలోసియంలో 44వ ద్వారం చూడండి. నలభైని యాభైలోంచి పది తీసే పద్ధతిలో చెక్కి, పక్కనే నాలుగుకు నాలుగు గీతలు పెట్టారు. ఒకే సంఖ్యలో రెండు పద్ధతులు! గడియారాల మీద నాలుగు గీతలైతే ఎదుటి ఎనిమిదితో తూకం కుదురుతుందని కొందరంటారు.

అంకెల భయం మాత్రం అక్కడా ఉంది. క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో 17, 18, 19 నంబర్ల సైనిక దళాలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ నంబర్లు మళ్ళీ ఏ దళానికీ పెట్టలేదు. ఆ యుద్ధంలో పోయిన మార్కస్ కేలియస్ స్మారక శిల మీద 18ని 'ఇరవైకి రెండు తక్కువ'గా చెక్కారు. ఇటలీలో నేటికీ 17 అంటే జంకు. దాని రోమన్ అక్షరాలను అటూ ఇటూ మారిస్తే 'విక్సి' అని వస్తుంది. 'నేను బతికాను', అంటే ఇక లేను అని.

నవ్వకండి. మన కళ్ళాల్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. ఏడు దగ్గరికొస్తే ఏడుపు గుర్తొస్తుందని 'ఆరున్నొకటి' అంటారు. పెళ్ళి చదివింపులు నూటపదహార్లే, నూరు కాదు. మన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేక సంవత్సరాన్ని కోరుమిల్లి తామ్రశాసనం మాటల్లో చెబుతుంది: వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. చివరి నుంచి చదివితే శకం 944, అంటే క్రీ.శ. 1022.

ఇక మా ఇంటి సంగతి. కరణాల పాత లెక్కల్లో నిలువు గీత పాతిక, అడ్డగీత వీసం. గీతలు మూడు దాటవు. నాలుగోది చేరితే పై స్థానంలో ఒకటవుతుంది. ఇది తెలియక, తాతగారి చిట్టాలో మా కొబ్బరితోట వాటా దగ్గర ఒక గీత చూసి, మాకు పాతిక వాటా ఉందని నేను పట్టుబట్టాను. పెదనాన్నగారి అబ్బాయితో రెండేళ్ళు మాటల్లేవు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యేదాకా ఆ పని చేసిన ఒక పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "అడ్డగీత నాయనా, వీసం" అన్నారు. పాతికలో వీసం నాలుగో వంతు. తప్పు నాదే. ఆ సాయంత్రం అన్నయ్య ఇంటికెళ్ళి భోంచేసి వచ్చాను.

మాస్టారు ఈ సంచిక చదవడానికి లేరు. ఉంటే ఇలా చెప్పేవాణ్ణి: "గడియారమూ తప్పు కాదు, పుస్తకమూ తప్పు కాదండీ. అంకె ఒకటే, రాసే చేతులు వేరు."

మిత్రులారా, మీ అటకల మీద పాత చిట్టాలుంటే పాతకాగితాలవాడికి వేసేయకండి. ఆ గీతలు చదవగలిగిన పెద్దలు ఇంకా కొందరున్నారు. ఈ సంక్రాంతికే వెళ్ళి అడగండి.